రోడ్డు దాటిన రొట్టెల కొట్టు

“నడిచిందా లేదా? తాడు పట్టుకుని లాగినవాడివి, నువ్వే చెప్పు నాయనా. అక్కణ్ణుంచి ఇక్కడికి నా కొట్టు వచ్చిందా, రాలేదా?”

“వచ్చింది అత్తా.”

“రాలేదంట! ఆ పన్నుల ఆఫీసు పిల్ల చెప్పింది. ఎంత మర్యాదగా చెప్పిందనుకున్నావు! ‘మేడమ్, మీ వ్యాపారం ఎక్కడికీ కదల్లేదండీ’ అని. అదేంటమ్మా, నేను లోపలే ఉన్నాను కదా, పిండి పిసుకుతా ఉన్నాను, కిటికీలోంచి చూస్తుండగానే చర్చి ఈ మూల నుంచి ఆ మూలకి పోయింది, అన్నాను. ‘కదిలింది కట్టడం మేడమ్, వ్యాపారం కాదు’ అంది. మరి వ్యాపారం పాత చోటే ఉండిపోతే, అక్కడ ఇప్పుడు రొట్టెలు ఎవరమ్మా అమ్ముతున్నారు, సముద్రపు కాకులా అన్నాను.”

“ఏమంది?”

“ఇంకేమైనా సాయం కావాలా మేడమ్, అంది.”

డల్సీ పార్డీ పిండి ముద్దని ఎత్తి బల్ల మీద వేసిన వేటుకి నా చేతిలో టీ కప్పు ఎగిరిపడింది. ఆమెకి కోపం వచ్చిన రోజున రొట్టె బాగా పొంగుతుందని మా ఊరు కెటిల్ ఆర్మ్‌లో ఒక నమ్మకం. ఈ ఏడాది మేము తిన్నంత మంచి రొట్టె ఎప్పుడూ తినలేదు.

మా ఊళ్ళో అరవై దాటిన ఆడవాళ్ళంతా అత్తలే, మగవాళ్ళంతా మామలే. ఎలా అత్త, ఎటునుంచి మామ అని అడగడం మొదలుపెడితే పొద్దు గూకిపోతుంది. కాబట్టి రొట్టెలు చేసే ఆవిడ డల్సీ అత్త. రోడ్డుకి ఇవతల వేయించిన చేపలూ బంగాళాదుంప ముక్కలూ అమ్మే ఆయన హెడ్లీ మామ. ఆవిడ భర్త పోయి ఏళ్ళయింది. ఆయన భార్య పోయి అంతకంటే ఎక్కువే అయింది. వాళ్ళిద్దరి మధ్యా ఒక రోడ్డు ఉండేది. ఆ రోడ్డుని అటూ ఇటూ దాటుతూ వెర్నా ఉండేది.

వెర్నా స్టక్‌లెస్ సంగతి తెలియకపోతే ఈ గొడవలో తలా తోకా తెలియదు. మా దగ్గర చలికాలం పని ఉండదు, నిరుద్యోగ బీమా ఉంటుంది. అది రావాలంటే ఏడాదిలో ఇన్నేసి గంటలు పని చేసి ఉండాలి. ఆ గంటలు నిండకుండా ఎవరైనా చలికాలంలో అడుగుపెట్టారంటే తప్పు వాళ్ళది కాదు, ఊరిది. అందుకని ఒకరి దగ్గర పని అయిపోతే ఇంకొకరు తీసుకుంటారు. చుట్టాలొస్తే కుర్చీ జరిగినట్టు పని కూడా జరుగుతుంది. వేసవంతా వెర్నా హెడ్లీ మామ దగ్గర చేపలు వేయించేది. వచ్చిన యాత్రికులు వెళ్ళిపోగానే ఆయన ఆమెని పనిలోంచి తీసేసేవాడు. ఆమె అదే ఏప్రన్ విప్పకుండా రోడ్డు దాటేది. డల్సీ అత్త ఆమెని పనిలోకి తీసుకునేది. క్రిస్మస్ కేకులు అయ్యాక ఆవిడా తీసేసేది. ప్రతిసారీ తీసేసేవాళ్ళు ఆమెకి టీ ఇచ్చి తీసేసేవాళ్ళు. ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు.

ఇలా సాఫీగా సాగిపోతుండగా ఒట్టావాలో ఉన్న కెనడా ప్రభుత్వానికి చిన్న కొట్ల మీద ప్రేమ పుట్టింది. పెద్దవాళ్ళకి ప్రేమ పుడితే మాకు కాగితం వస్తుంది. ఆ కాగితాన్ని చదివి మాకు బోధపరిచే భారం సెల్బీ గిలింగమ్ మాస్టారిది. ఆయన బడి నుంచి రిటైరై, ప్రతి ఏడూ చర్చి హాల్లో కూర్చుని ఊరందరి పన్ను కాగితాలూ రాసిపెడతాడు. ఫీజు ఉప్పు చేప. మంచివాడే కానీ, ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే రకం.

“వినండి,” అన్నాడు ఆయన, నల్లబల్ల మీద ఒక చిన్న పెట్టె, దాని పక్కన ఇంకొంచెం పెద్ద పెట్టె గీసి. “పనివాళ్ళ బీమా కోసం కొట్టు యజమాని తన వాటా కడతాడు కదా. పోయినేడాది ఇంత కట్టారు. ఈ ఏడాది ఇంకొకరిని పనిలో పెట్టుకుంటే ఇంత అవుతుంది. ఆ పెరిగిన ముక్క ఉందే, అది, ఒక వెయ్యి డాలర్ల దాకా, ప్రభుత్వం వెనక్కి ఇచ్చేస్తుంది. అడగనక్కర్లేదు కూడా. వాళ్ళే లెక్క చూసి ఇస్తారు.”

అక్కడితో ఆపి ఉంటే ఆయన ఉపాధ్యాయుడు. కానీ ఆయన చిన్న పెట్టెని చెయ్యి పెట్టి తుడిచేశాడు.

“ఇప్పుడు చూడండి. కొత్త వ్యాపారానికి పోయినేడాది అంటూ ఉండదు. పోయినేడాదే లేకపోతే?”

సుద్దముక్కతో పెద్ద పెట్టె మీద టక్కున కొట్టాడు.

“ఈ ఏడాది కట్టిందంతా పెరుగుదలే!”

ఆ వసంతంలో మా ఊళ్ళో రంగు డబ్బాలు దొరకలేదు. అందరూ బోర్డులు మార్చేశారు. కిరాణా కొట్టు గార్లండ్ ‘గార్లండ్ అండ్ సన్స్’ అని రాయించాడు. ఆయనకి పెళ్ళి కాలేదు, ఉన్నవి మూడు పిల్లులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పడవలు బాగుచేసే షెడ్డు ‘అట్లాంటిక్ నౌకా సేవలు’ అయింది. క్షవరం చేసే ఆవిడ ఏ పేరూ తోచక పాత పేరునే వెనక నుంచి ముందుకి రాయించుకుంది.

డల్సీ అత్త మాత్రం బోర్డు ముట్టుకోలేదు. “పేరు మార్చితే మనిషి మారతాడా?” అంది. పన్నుల ఆఫీసుకి ఫోన్ చేసింది. అక్కడ ప్రతిసారీ గొంతు మారుతుంది, మర్యాద మారదు. పేరు మార్చుకుంటే కొత్త వ్యాపారం కాదనీ, అదే మనిషి అదే పని చేస్తుంటే పోయినేడాది వెంటే వస్తుందనీ చెప్పారు. ఊరంతటి బోర్డుల రంగు తడి ఆరకముందే ఆ సంగతి ఊరికి తెలిసింది. గార్లండ్ ‘సన్స్’ మీద సున్నం కొట్టాడు. ఇప్పటికీ ఎండ పడితే కొడుకులు కనిపిస్తారు.

“మరి వేరే చోట మొదలుపెడితేనమ్మా?” అని అడిగిందట అత్త.

“కొత్త చోట కొత్త వ్యాపారం మొదలుపెడితే వేరే సంగతి మేడమ్.”

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇంకెక్కడివాళ్ళకైనా ఆ మాటకి ఒకే అర్థం తోచేది. మాకు వేరే తోచింది. మేము ఇళ్ళు లాగే జనం. మా తాతల రోజుల్లో ప్రభుత్వం దీవులు వదిలి రమ్మంటే, ఇళ్ళని పీపాల మీద తేలించి, సముద్రం మీదుగా తెచ్చుకున్నారు. మా అమ్మమ్మ ఇల్లు అలా ఈదుకుంటూ వచ్చిందే. ఒడ్డుకి చేరిన ఇంటికి ఉప్పూ రొట్టే పట్టుకెళ్ళి, కొత్త కాపురానికి చెప్పినట్టే శుభం చెబుతారు. ఆ రోజు నుంచి ఆ ఇంటికి లెక్క మొదలు. అంతకుముందు జరిగిన తగాదాలు కూడా లెక్కలోకి రావు. ఇల్లు కదిలితే జీవితం కొత్తదే. జీవితమే కొత్తదైనప్పుడు రొట్టెల కొట్టు కొత్తది కాదా?

పైగా రోడ్డుకి అవతల, ఒడ్డున, అత్త కొట్టు మెట్ల దాకా కెరటాలు వస్తున్నాయి. ఎలాగూ జరగాలి. హెడ్లీ మామ తన చేపల కొట్టు పక్కన ఖాళీ జాగా ఉందన్నాడు. ఊరికే ఇస్తానన్నాడు. “ఊరికే ఏదీ వద్దు, ఏడాదంతా రొట్టె ఇస్తాను” అంది ఆవిడ. “రొట్టెకే కదా ఇస్తోంది” అన్నాడు ఆయన.

ఇల్లు లాగడానికి మా దగ్గర పిలుపులు ఉండవు. తాడు కనిపిస్తే చాలు. ఊరంతా వచ్చింది. కొట్టు కింద దుంగలు పెట్టారు, ముందు పెద్ద తాడు కట్టారు, జారకుండా వెనక పక్కన ఇంకో తాడు. గార్లండ్ పాట ఎత్తుకున్నాడు, మేము అడుగు వేశాం. బయటికి రమ్మంటే అత్త రాలేదు. “పిండి కలిపేశాను, వదిలేస్తే పాడైపోతుంది” అంది. కొట్టు ఊగుతూ రోడ్డెక్కింది. పొయ్యి మాత్రం ఆర్పించాం. యాత్రికుల కారు ఒకటి వచ్చి ఆగిపోయింది. వాళ్ళు కిటికీ దించి నోరు తెరుచుకు చూస్తుంటే, నడుస్తున్న కొట్టు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, పొద్దున కాల్చిన బన్నులు రెండు అందించింది. డబ్బు వద్దంది. రోడ్డు మధ్య వ్యాపారం ఏ ఏడాదికి చెందుతుందో ఆమెకి తెలియలేదు మరి.

రోడ్డు దాటాక నేల పల్లం. గడ్డి తడి. వెనక తాడు హెడ్లీ మామ చేతిలో ఉంది. రెండు కొట్ల మధ్య ఒక తోపుడు బండి పట్టేంత సందు ఉంచాలని అనుకున్నాం. కొట్టు తనంతట తానే చివరి నాలుగు బారలూ జారి, వెళ్ళి హెడ్లీ మామ గోడకి భుజం ఆనించి నిలబడింది.

“తాడు జారింది,” అన్నాడు మామ.

చేపలు జారని చేతులవి.

అత్త తల నిండా పిండితో గుమ్మంలోకి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. “ఇదేంటి ముసలాడా? మధ్యలో గాలి పోవడానికైనా సందు లేదు!”

“గాలెందుకు డల్సీ? చలికాలం వస్తోంది కదా.”

ఇప్పుడా కొట్టుని మళ్ళీ పైకి లాగడం ఎవరివల్లా కాలేదు. ఎవరూ గట్టిగా ప్రయత్నించలేదు కూడా. ఉప్పూ రొట్టే ఇచ్చాం. రొట్టె ఆవిడ దగ్గరే కొన్నాం. కొత్త లెక్క మొదలైందని అందరం సంతోషించాం. ఆ సాయంత్రమే ఫోన్‌లో ఆ పిల్ల ‘కదిలింది కట్టడం మేడమ్’ అన్నది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఇవేవీ చేయకపోయినా అత్తకి ఆ డబ్బు వచ్చేదే. ఈ ఏడాది ఆమె వెర్నాని వేసవి మొదటినుంచే తన దగ్గర పనిలో పెట్టుకుంది. “ఎంతకాలమని దాన్ని బంతిలా విసురుకుంటాం? ఒక చోట ఉండనిద్దాం” అంది. హెడ్లీ మామ సరేనని, వేసవిలో తనే ఒంటరిగా చేపలు వేయించుకున్నాడు. అంచేత ఆవిడ వాటా పెరిగింది, ఆయనది తగ్గింది. పెరిగినామెకి డబ్బు వస్తుంది. తగ్గినాయన నుంచి ఎవరూ ఏమీ తీసుకోరు. వెర్నా రోడ్డుకి అటు నుంచి ఇటు రాకుండా ఉండిపోయినందుకు ప్రభుత్వం వాళ్ళు దేశంలో కొత్త ఉద్యోగం పుట్టిందని రాసుకున్నారు.

అంతా బాగానే ఉండేది, హెడ్లీ మామ నోరు విప్పకుండా ఉంటే. ఆయన మాటలు పొదుపుగా వాడే మనిషి. ఒకరోజు బన్నులు కొనడానికి వచ్చి, గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

“డల్సీ, నీ పొయ్యి వేడీ నా పొయ్యి వేడీ ఈ గోడకే తగుల్తున్నాయి.”

“అయితే?”

“గోడ బాగా సుఖపడుతోంది.”

అత్త పిండి పిసుకుతూనే ఉంది.

“ఇక్కడో తలుపు పెడదామా అని. రెండు కొట్లూ ఒకటే అవుతాయి. పనిలో పనిగా పాస్టరు గారికి కూడా ఒక మాట చెప్పేద్దామా అని.”

వెర్నా ఆ పక్కనే జామ్ సీసాలకి మూతలు పెడుతోంది. మూత పెట్టడం మానేసి చూసిందట. అత్త చేతికంటిన పిండి వలుచుకుంటూ, “మాస్టారిని అడిగి చెప్తాను” అంది. పెళ్ళి అడిగితే పన్నుల మాస్టారిని అడిగి చెప్తానన్న ఆడది చరిత్రలో ఇంకొకతి ఉండదు.

మాస్టారు మళ్ళీ నల్లబల్ల దగ్గరకి వెళ్ళాడు. ఈసారి చిన్న పెట్టెలు రెండు, పెద్ద పెట్టె ఒకటి. “వ్యాపారాలు కలిస్తే పోయినేళ్ళు కూడా కలుస్తాయమ్మా. పోయినేడాది వెర్నా సగం అతని దగ్గర, సగం నీ దగ్గర. ఈ ఏడాది మొత్తం నీ దగ్గర. విడిగా చూస్తే నీ దగ్గర పెరిగింది. కలిపి చూస్తే? అదే వెర్నా. ఈ జేబులోంచి ఆ జేబులోకి. పెరుగుదల సున్నా.”

అత్తకి నమ్మకం కుదరక ఫోన్ చేసింది.

“గోడకి తలుపు పెడితే ఏమవుతుందమ్మా?”

“తలుపుతో మాకు సంబంధం లేదు మేడమ్. రెండు వ్యాపారాలూ ఒకటవుతాయా అన్నదే.”

“పోనీ, పెళ్ళి చేసుకుంటే?”

“ఫరవాలేదు మేడమ్. అభినందనలు.”

అత్త ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి, “మనుషులు కలవచ్చంట. రొట్టే చేపా కలవకూడదంట” అంది.

అప్పటినుంచి ఆ గోడకి ‘సర్కారు గోడ’ అని పేరు పడింది. వెయ్యి డాలర్ల గోడ మా తీరంలో ఇంకోటి లేదు. చూడ్డానికి పక్క ఊరి నుంచి కూడా వచ్చేవాళ్ళు, ఊరికే తట్టి వెళ్ళేవాళ్ళు. గోడకి ఇటువైపు నుంచి అత్త, అటువైపు నుంచి మామ, పని చేసుకుంటూ కేకలేసుకుని మాట్లాడుకునేవాళ్ళు.

“నూనె కాలుతోంది ముసలాడా, వాసనొస్తోంది!”

“నీ రొట్టె మాడుతోంది!”

“నా రొట్టె ఎప్పుడైనా మాడిందా?”

“లేదులే. నువ్వు మాట్లాడతావని అన్నాను.”

అవస్థంతా వెర్నాది. ఆమె అత్త పనిమనిషి కాబట్టి, ఆ పని గంటల్లో మామ చేపలు ముట్టుకోకూడదని మాస్టారి ఆజ్ఞ. ఎవరైనా చేపని బన్నులో పెట్టి ఇమ్మంటే, మామ గోడ తట్టేవాడు. వెర్నా బన్ను పట్టుకుని అత్త గుమ్మంలోంచి బయటికి దిగి, వానలో తడిసి, మామ మెట్లెక్కి, కొనుగోలుదారు దగ్గర నిలబడ్డట్టు నిలబడి, ఆ బన్ను ఆయనకి అమ్మి, మళ్ళీ అదే దారిన తడుస్తూ వచ్చేది. గోడకి అటు చేప చల్లారిపోయేది. ఇటు బన్ను నానిపోయేది. మధ్యలో దేశం అభివృద్ధి చెందుతూ ఉండేది.

నిన్న మధ్యాహ్నం మొదటి మంచు మెట్ల మీద అద్దంలా పరుచుకుంది. వెర్నా పళ్ళెం నిండా బన్నులతో దిగుతూ జారి పడింది. బన్నులు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ రేవు దాకా వెళ్ళాయి. సముద్రపు కాకులకి పండగ. అత్త ఈ గుమ్మంలోంచి, మామ ఆ గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. వెర్నా లేవలేదు. మెట్టు మీదే కూర్చుని, మడమ పట్టుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“అత్తా, మాస్టారు నల్లబల్ల మీద గీశాడే, పెరుగుదల అని. అది నేనేనంట కదా?”

“నువ్వేనే తల్లీ, లే ముందు.”

“లేవను. పెరుగుదలకి మోకాళ్ళ నొప్పులు. పెరుగుదలకి మడమ బెణికింది. మీ ఇద్దరి మధ్య ఇన్నేళ్ళు రోడ్డు దాటాను, ఏమీ అనలేదు. రోడ్డు పోయింది, గోడ వచ్చింది. ఇప్పుడు రోడ్డు కంటే ఎక్కువ నడుస్తున్నాను! మామా, నువ్వు గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడతావు. అత్తా, నువ్వు ఇటుపక్క నిలబడి ఆయన దగ్గితే లెక్కపెడతావు. నేను రెండువైపులా ఉంటాను, నాకన్నీ తెలుసు. అక్కడ తలుపు కనబడితేనే పనిలోకి వస్తా. లేకపోతే చేపల ఫ్యాక్టరీలో అడిగారు, పోతా.”

కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. వెర్నా లేని రొట్టెల కొట్టుకి పెరుగుదలా లేదు, చేతులూ లేవు.

ఇవాళ పొద్దున నేను ముందు హెడ్లీ మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాడు. రంపం బల్ల మీద ఉంది. పళ్ళు ఆకురాయి పెట్టి రుద్దినట్టున్నాయి, మెరుస్తున్నాయి.

“అత్తని ఇంకోసారి అడగకపోయావా మామా?”

“అడిగాను. గోడ అవతల నుంచి ‘ఆలోచిస్తున్నా’ అంది. వెయ్యి డాలర్ల గురించి అంతసేపు ఆలోచించే మనిషి కాదురా అది. పక్కింట్లో జబ్బు చేస్తే పాతిక రొట్టెలు ఊరికే పంచుతుంది. ఇంకేదో ఉంది. నాకేం తెలుస్తుంది, నేను చేపలు వేయించేవాణ్ణి.”

బయట ఆయన బోర్డు గాలికి కిర్రుమంటోంది. నిలువెత్తు ఎర్ర అక్షరాలు, ‘హెడ్లీ రంబోల్ట్’ అని. నేను దాని వంక చూడటం చూసి, “అదా? గాలికి రెండుసార్లు ఎగిరిపోయింది. ఎవరూ గమనించలేదు. వాసన పట్టుకునే వస్తారు జనం. ఈసారి ఎగిరితే పొయ్యిలో పెడదామనుకుంటున్నా” అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను ఇటు వచ్చేసరికి అత్త ఈ పిండి మీద కోపం తీర్చుకుంటోంది. ‘నడిచిందా లేదా’ అని నన్ను సాక్ష్యానికి పిలిచింది. ఇదీ సంగతి.

పిండి ముద్దని గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని ఫోన్ తీసింది.

“మళ్ళీనా అత్తా?”

“చివరిసారి. నువ్వు మాట్లాడకు.”

ఫోన్‌లో పాట వచ్చింది. చాలాసేపు వచ్చింది. అత్త ఆ పాటకి కాలు ఆడించింది కూడా. తర్వాత గొంతు మార్చి, బడి పిల్లలా, “అమ్మా, రెండు వ్యాపారాలు కలిస్తే డబ్బు రాదని తెలుసు, ఆ సంగతి వదిలెయ్యి. అది కాదు నేనడిగేది. కలిశాక దానికి ఎవరి పేరు ఉండాలి? మగాడి పేరే ఉండాలని ఏమన్నా రూలుందా?” అంది.

అవతల నుంచి ఏదో జవాబు. అత్త వింటూ తల ఊపింది.

“ఏ పేరైనానా? మీకేం పట్టింపు లేదా? నిజంగానా? ఆ, అంతేనమ్మా, ఇంకేం సాయం వద్దు. చల్లగా ఉండు.”

ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీలోంచి రోడ్డుకి అవతల, కొట్టు ఉండిన చోటు వైపు చూసింది. అక్కడ గడ్డి ఇంకా చదరంగా పసుపు పచ్చగా ఉంది.

“నీకు గుర్తుండదు నాయనా, అప్పటికి నువ్వు చిన్నపిల్లాడివి. అక్కడ మొదట్లో బోర్డు మీద ‘ఎల్డ్రెడ్ పార్డీ రొట్టెల కొట్టు’ అని ఉండేది. మా ఆయన మంచివాడే, చెడ్డ మాట చెప్పను. కానీ నీళ్ళు కాచమంటే గిన్నె మాడ్చేవాడు. తెల్లారకముందు లేచి పిండి కలిపేది నేను, బస్తాలు మోసేది నేను. కొనుక్కున్నవాళ్ళు వెళ్తూ వెళ్తూ ‘ఎల్డ్రెడ్ రొట్టె అద్భుతం’ అనేవాళ్ళు. ఆయన గుమ్మంలో కూర్చుని తలూపేవాడు. ఆయన పోయాక, దినం అయిన మర్నాడు, ఏడుస్తూనే నిచ్చెనెక్కి ఆ పేరు మీద రంగు వేశాను. నా పేరు రాశాను. ఏడుపూ ఆగలేదు, చెయ్యీ ఆగలేదు.”

“అందుకేనా బోర్డు మార్చనన్నావు, ఊరంతా మార్చినప్పుడు?”

“మరి? అందరూ ప్రభుత్వాన్ని మోసం చెయ్యడానికి మార్చారు. నేను నా పేరు కోసం ఎంతకాలం ఆగానో వాళ్ళకేం తెలుసు? ఇప్పుడీ ముసలాడి గోడ కోసి తలుపు పెడితే, అక్కడ చూడు, ఆయన పేరు ఆకాశమంత ఉంది. రేపు రొట్టె తిన్నవాడల్లా ‘హెడ్లీ రొట్టె’ అంటే? ఇంకోసారి వినలేను నాయనా. అది చెప్పుకోలేక వెయ్యి డాలర్లు అడ్డం పెట్టుకున్నాను. పోనీలే, ప్రభుత్వానికి నా వల్ల అంత మిగులు. వాళ్ళకి రోడ్లు వేసుకోడానికి పనికొస్తుంది.”

బోర్డు గురించి హెడ్లీ మామ చెప్పిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. పక్కవాడి మాట మోసుకొచ్చే అలవాటు ఊళ్ళో అందరికీ ఉంది, ఈ ఒక్కటి మాత్రం ఆవిడ ఆయన నోట వినాలి.

గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. అత్త చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. అటువైపు ఇంకేమైనా వినిపిస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు. ముందురోజు మిగిలిన పిండిని పంది కొవ్వులో వేయించి, పైన మొలాసిస్ పాకం పోసిన ముక్కలు రెండు కాగితంలో చుట్టింది. ఒకటి నా చేతిలో పెట్టింది.

“ఇది దారిలో తిను. ఇంకోటి వెర్నాకి. మడమ కిందికి దించొద్దని చెప్పు, సోమవారం రమ్మని చెప్పు. తలుపు ఉంటుందను.”

“మామకేం చెప్పను?”

“రంపం తెమ్మను,” అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేసింది. “ఆగు! రంపం తర్వాత. ముందు నిచ్చెన తెమ్మను. నిచ్చెన ఎందుకని అడిగితే నువ్వేమీ చెప్పకు నాయనా, తలెత్తి బోర్డు వైపు చూడు, అంతే. ఆయన మొహం ఎలా పెట్టాడో మాత్రం వచ్చి నాకు చెప్పు.”